తెరపై గాజు కందిలి

గత రమజాన్‌కు కొద్ది రోజుల ముందు మా మద్రసా విద్యార్థి ఒకడు ఇఫ్తార్ ఆహ్వానపత్రం కోసం కంప్యూటర్‌పై ఒక గాజు కందిలిని చిత్రించి నాకు చూపించాడు. (కందిలి అనే మన మాట అరబీలోని ‘ఖిందీల్’ నుండి వచ్చినదే.) ఆకారం చక్కగా కుదిరింది. కాని చూడగానే ప్లాస్టిక్ డబ్బా జ్ఞాపకం వచ్చింది. “ఉస్తాద్, నీలం రంగు నిండుగా నింపాను. అయినా గాజులా కనబడటం లేదు” అన్నాడు దిగులుగా.

నిండుగా నింపటమే పొరపాటు. నాకు కంప్యూటర్ విద్య రాదు. అయినా ఒక ఖాళీ గాజు గ్లాసును కిటికీలో పెట్టి, ఇద్దరం కాసేపు దానినే చూశాము. మధ్యభాగంలో గాజు దాదాపు లేనట్టే ఉంది. వెనుకనున్న వేపచెట్టు కనిపిస్తోంది. అంచుల వద్ద మాత్రం ముదురు గీత. అక్కడ మన చూపు గాజు గోడను ఏటవాలుగా, ఎక్కువ మందాన దాటవలసి వస్తుంది. ఒక పక్క కిటికీ ప్రతిబింబం తెల్లగా, చిన్నదిగా, పదునైన అంచులతో మెరుస్తోంది. మట్టికుండపై వెలుగు మెత్తగా పరచుకుంటుంది. నునుపైన గాజుపై అలా కాదు.

ఆ తరువాత అతడు మొదటి నుండి మొదలుపెట్టాడు. వాడినది ఇంక్‌స్కేప్. 2003 నుండి ఉచితంగా లభిస్తున్న సాఫ్ట్‌వేర్ అది. ఈసారి ముందుగా వెనుక గోడను ముదురు నీలంలో వేశాడు. వెనుక ఏమీ లేకపోతే గాజు పారదర్శకమని తెలిసేదెలా? పెన్ సాధనంతో కందిలిలో సగం రూపురేఖ గీసి, దాని నకలును తిరగేసి రెండింటినీ కలిపాడు. లోపల తేనెరంగు పలుచగా, నాలుగోవంతు గాఢతతో నింపి, అంచుల వైపు ముదురయ్యేలా గ్రేడియంట్ ఇచ్చాడు. జ్వాల ఉండే చోట తెలుపు నుండి పసుపుకు వలయంగా వ్యాపించే మరో గ్రేడియంట్. మూతి అంచులో వెనుక సగం కూడా ముందు గాజు గుండా లీలగా కనిపించాలి. దీనిని చాలామంది మరచిపోతారు. చివరగా ఆ తెల్లని మెరుపు. దానిని మసకబార్చవద్దని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

నమూనాగా తీసుకున్నవి ఈజిప్టు, సిరియాలలో మమ్లూక్ సుల్తానుల కాలపు మస్జిద్ దీపాలు. విప్పారిన మెడ, గుండ్రని పొట్ట, గొలుసులకు కొక్కాలు, లోపల నూనె పోసి వత్తి వెలిగించే చిన్న పాత్ర. 14వ శతాబ్దంలో కైరోలో నిర్మించిన సుల్తాన్ హసన్ మస్జిద్ దీపాలు ఈనాటికీ మ్యూజియంలలో ఉన్నాయి. గాజుపై బంగారాన్ని, రంగు గాజుపొడితో చేసిన ఎనామెల్‌ను పూసి కొలిమిలో కాల్చేవారు. ఎనామెల్ గుండా వెలుగు అంతగా రాదు. అందుచేత కొన్ని దీపాలలో అక్షరాల చుట్టూ నీలం ఎనామెల్ పూసి, అక్షరాలను మాత్రం వదిలివేశారు. దీపం వెలిగితే అక్షరాలే వెలుగుతాయి! మా విద్యార్థి కూడా నీలం పట్టీని పూర్తి గాఢతతో వేసి, అక్షరాల చోటు ఖాళీగా వదిలాడు. అంతవరకు బొమ్మగా ఉన్నది ఒక్కసారిగా దీపమైంది.

ఆ దీపాల మెడపై తరచుగా కనిపించేది సూరె నూర్‌లోని 35వ ఆయత్. గూడు, దీపం, గాజు ఉపమానం అందులోనిదే. అతడూ మెడపై ఆ ఆయత్‌నే ఎంతో శ్రద్ధగా వ్రాశాడు. చూసి సంతోషించాను. మర్నాడు ఉదయం మాత్రం మనసు ఒప్పలేదు. ఆహ్వానపత్రాలు పండుగ తరువాత ఎక్కడికి చేరతాయో మనకు తెలియనిది కాదు. పొట్లం కట్టిన కాగితంపై, మురుగుకాలువ పక్కన దివ్యఖుర్ఆన్ వాక్యాన్ని చూడవలసి వస్తే బాధ్యులం మనమే కామా? తీసివేయమన్నాను. “కైరోలో వ్రాశారు కదా ఉస్తాద్!” అన్నాడు. అక్కడ అది మస్జిద్ కప్పు నుండి వ్రేలాడింది, చేతులు మారే కాగితంపై కాదు అన్నాను. రెండు రోజులు ముభావంగానే ఉన్నాడు.

మూడవ రోజు ఆయత్ ఉన్న చోట ఆకులు, తీగలు అల్లి తెచ్చాడు. ఆహ్వానం దానితోనే అచ్చయింది. ఆయత్ ఉన్న చిత్రాన్ని పెద్దదిగా ముద్రింపించి, చట్రం కట్టించి తరగతి గోడకు ఎత్తుగా తగిలించాము. రేఖాచిత్రం కావటంతో అంత పెంచినా అంచులు చెదరలేదు. కాని కొక్కెం ఒకటి వంకరగా ఉందని అతడు ఇప్పటికీ దాని వంక చూసి గొణుగుతుంటాడు.