రామ్స్‌బాటమ్ అనే పేరులో నవ్వడానికి ఏముంది?



క్రికెట్ స్కోర్‌కార్డులోనో, కథల పుస్తకంలోనో సైడ్‌బాటమ్, రామ్స్‌బాటమ్ లాంటి ఇంటిపేర్లు కనిపిస్తే పిల్లలు నవ్వు ఆపుకోలేరు. బాటమ్ అంటే వాళ్లకు తెలిసిన అర్థం పిరుదులే మరి! ఈసారి మీ ఇంట్లో ఆ నవ్వు వినిపిస్తే కోప్పడకండి. ఆ పేరు ఎలా పుట్టిందో చెప్పండి.

పాత ఇంగ్లిష్‌లో బాటమ్ అంటే లోయ అడుగున ఉండే పల్లపు నేల. శరీర భాగం అనే అర్థం చాలా కాలం తర్వాత వచ్చింది. మాంచెస్టర్‌కు ఉత్తరాన, ఇర్వెల్ నది లోయలో రామ్స్‌బాటమ్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. ఆ పేరుకు 'అడవి వెల్లుల్లి పెరిగే లోయ' అని కొందరు, 'పొట్టేళ్ల లోయ' అని కొందరు అర్థం చెబుతారు. సైడ్‌బాటమ్‌లోని సైడ్ కూడా 'పక్క' కాదు. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు 'వెడల్పైన' అని అర్థం.

మధ్యయుగంలో ఎక్కడ చూసినా జాన్‌లు, విలియమ్‌లే. అందుకే వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లను వాళ్ల ఊరి పేరుతో గుర్తుపట్టేవారు. క్రమంగా అదే ఇంటిపేరయింది. చిన్న ఊళ్ల నుంచి వెళ్లిన కుటుంబాలు తక్కువ కాబట్టి ఇలాంటి పేర్లు అరుదు.

1814లో పుట్టిన జాన్ రామ్స్‌బాటమ్ పెద్ద రైల్వే ఇంజనీరు. ఆవిరి ఇంజన్ బాయిలర్‌కు, డ్రైవరు తన ఇష్టం వచ్చినట్టు బిగించడానికి వీల్లేని సేఫ్టీ వాల్వ్ తయారుచేశారు. బౌలర్ రయాన్ సైడ్‌బాటమ్ 2008లో న్యూజిలాండ్‌తో హామిల్టన్ టెస్టులో హ్యాట్రిక్ తీశారు.

మన దగ్గరా ఇంతే. 'పాడు' అంటే ఇవాళ మనకు చెడిపోవడమే గుర్తొస్తుంది. కానీ చింతలపాడు లాంటి ఊరి పేర్లలో పాడు అంటే జనం నివసించే చోటు. ఆ ఊరి వాళ్లే చింతలపాటి వారు.

తోటివాళ్లు నవ్వుతారని క్లాసులో ఇంటిపేరు చెప్పడానికి బిడియపడే పిల్లలు ఉంటారు. అర్థం తెలిస్తే ఆ బిడియం పోతుంది. నవ్వే పిల్లలకూ ఆలోచన వస్తుంది. ఈ ఆదివారం అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి మీ ఇంటిపేరు ఊరి నుంచి వచ్చిందో, వృత్తి నుంచి వచ్చిందో పిల్లలతో కలిసి తెలుసుకోండి. ఊరైతే మ్యాప్‌లో వెతికించండి. తెలిసింది నాలుగు ఇంగ్లిష్ వాక్యాల్లో రాయించి పంపితే క్లాసులో చదివిస్తాం.