రాయి కరిగితేనే రహస్యం తెలిసేది

1945 జూలై 16 తెల్లవారుజామున అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో ప్రపంచంలోనే మొదటి అణుబాంబును పరీక్షించారు. ఆ వేడికి ఎడారి ఇసుక కరిగి, చల్లారి, ఆకుపచ్చని గాజుగా మారింది. ట్రినిటీ అనే ఆ పరీక్ష పేరు మీదుగా దానిని ట్రినిటైట్ అంటారు. విచ్ఛిత్తి చెందకుండా మిగిలిన ప్లుటోనియం, విచ్ఛిత్తిలో పుట్టిన మూలకాలు ఆ గాజులోనే చిక్కుకున్నాయి.

ఏదో ఒక నగరంలో ఎవరో అణుబాంబు పేల్చారనుకోండి. అది ఎవరిది, ఎలాంటిది అని ప్రభుత్వాలు వెంటనే అడుగుతాయి. జవాబు తప్పయితే నేరం చేయని దేశం మీద యుద్ధం రావచ్చు. ఆ జవాబు వెదికే శాస్త్రమే అణు ఫోరెన్సిక్స్. సాక్ష్యమంతా కరిగి గడ్డకట్టిన మట్టిలో, కాంక్రీటులో ఉంటుంది. అందులోని మూలకాలను విడదీసి కచ్చితంగా కొలవాలంటే ముందు దానిని ద్రావణంగా మార్చాలి.

తొందర ఎందుకు? విచ్ఛిత్తిలో పుట్టిన మాలిబ్డినం-99 అర్ధాయువు సుమారు 66 గంటలు. ఎనిమిది రోజులు దాటితే దానిలో ఎనిమిదో వంతే మిగులుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ సాక్ష్యం తరిగిపోతుందన్న మాట.

మరి ఎలా కరిగించాలి? సిలికాన్, ఆక్సిజన్‌ల మధ్య బంధాలే ఈ గాజుకు బలం. నత్రికామ్లం వాటిని తెంచలేదు. హైడ్రోఫ్లోరికామ్లం తెంచుతుంది. కాని మొండి ఖనిజాలుంటే రోజులు పట్టవచ్చు. పైగా ఆ ఆమ్లం చర్మం గుండా ఎముక దాకా దిగుతుంది. లిథియం బోరేటుతో కలిపి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిస్తే పని త్వరగా అవుతుంది. అయితే ఆ వేడికి సీజియం వంటివి ఆవిరై పోవచ్చు.

వీటికి మధ్యేమార్గం అమ్మోనియం బైఫ్లోరైడ్. ఇది దాదాపు 126 డిగ్రీల వద్దే కరుగుతుంది. నమూనా పొడిని దీనితో కలిపి, మూత బిగించిన టెఫ్లాన్ తరహా పాత్రలో 230 డిగ్రీల వద్ద ఉంచితే, రెండు మూడు గంటల్లో రాతి నిర్మాణం విడిపోతుంది. ఇదీ విషపదార్థమే కనుక జాగ్రత్త తప్పదు. తరువాత నత్రికామ్లంతో వేడిచేసి ఫ్లోరైడును వెళ్లగొట్టాలి. లేకపోతే కొన్ని మూలకాలు కరగని ఫ్లోరైడులుగా అడుగున పేరుకుంటాయి.

ఆ పిసరంత మడ్డిని తేలికగా తీసుకోకండి. మాలిబ్డినం ద్రావణంలోకి వచ్చి, జిర్కోనియం అడుగునే ఉండిపోతే, వాటి నిష్పత్తి అబద్ధం చెబుతుంది. తొందర అవసరమే. కాని పాత్ర అడుగున ఏమీ మిగలలేదని తేలిన తరువాతే ఆ కొలతను నమ్మాలి.