గోవాబగాన్ వస్తాదు

హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్‌లో వాజిద్ అలీ షా ఆస్థానం ఉత్తరాది సంగీతాన్ని కలకత్తాకు చేర్చింది. ఆ శతాబ్దంలోనే నగరపు ఉత్తర వీధులలో మరొక ఉత్తరాది విద్య వేరూనింది. అది మల్లవిద్య. దానిని పోషించినవారు గుహ వంశీయులు. అంబికాచరణ్ గుహ అఖాడాలో యువకుడైన వివేకానందుడు సైతం సాధన చేశాడని చెబుతారు.

అంబికాచరణ్ మనుమడు జతీంద్రచరణ్ 1892లో జన్మించాడు. బొద్దుగా ఉన్న పసివాణ్ణి తాత ముద్దుగా పేడముద్ద అన్నాడట. ఆ 'గోబర్' అనే పేరే లోకానికెక్కింది. తెలుగువారికి కోడి రామమూర్తి ఎంతటివాడో, వంగీయులకు గోబర్ గుహ అంతటివాడు.

బెంగాలీలు దుర్బలులని ఆంగ్లేయులు ఎగతాళి చేసే కాలమది. 1913లో గోబర్ స్కాట్లండులో జిమ్మీ ఎస్సన్ వంటి మల్లులను ఓడించాడు. పాశ్చాత్యుల 'క్యాచ్' పద్ధతి ఇంగ్లండులోని లాంకషైర్‌లో పుట్టింది. అందులో ఒడలిలో ఎక్కడనైనా పట్టు పట్టవచ్చు. కీళ్లను మెలిపెట్టి ప్రత్యర్థి చేత ఓటమి ఒప్పించవచ్చు. మట్టి గోదాలో పెరిగినవాడు ఆ పరాయి నియమాలను అభ్యసించి, 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ విద్యలో ఆరితేరిన ఆడ్ శాంటెల్‌ను జయించాడు. అమెరికాలో వృత్తి మల్లుల ప్రపంచ బిరుదు గెలిచిన తొలి ఆసియావాసిగా ఆయనను పేర్కొంటారు.

బిరుదులు మల్లునితో పాటే వృద్ధమవుతాయి. విద్య అలా కాదు. స్వదేశం చేరిన గోబర్ బాబు గోవాబగాన్‌లోని అఖాడాలో వస్తాదుగా నిలిచాడు. కుస్తీ మొరటువారి పని అని తలచే చదువుకున్న కుటుంబాల పిల్లలు కూడా అక్కడ లంగోటా బిగించి మట్టిలో దిగారు. వారిలో ఒక కుర్రవాడు తరువాత మన్నా డే అనే గాయకుడుగా దేశమంతటికీ పరిచితుడయ్యాడు. గోదాలో దమ్ము నిలుపుకోవడం నేర్చిన ఆ గొంతు దశాబ్దాలపాటు అలుపెరుగక పాడింది.

గోబర్ గుహ 1972లో కన్నుమూశాడు. ఆయన తదనంతరమూ ఆ అఖాడా కొనసాగింది. అక్కడ దిగిన కుర్రవాళ్లందరూ మల్లులు కాలేదు. కాని పడినవాడు మట్టి దులుపుకుని లేచి, తనను పడవేసినవానికే చేయి కలపాలన్న మొదటి పాఠం మాత్రం గోదాలో దిగిన ప్రతివానికీ దక్కుతుంది. వస్తాదు విడిచిపోయే ఆస్తి అదే.