చిన్న డాక్టరుగారే పన్ను తీస్తారా?

పన్ను నొప్పితో నిజామాబాద్, హైదరాబాద్, బీదర్, నాందేడ్‌లోని దంతవైద్య కళాశాలలకు వెళ్ళి వచ్చిన మన జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం ప్రాంతాలవారు మాతో తరచుగా చెప్పే మాట ఒకటుంది. "చిన్న పిల్లగాడు చూసిండు సిస్టరమ్మా. పెద్ద సారు పక్కన ఊకె నిలవడ్డడు." కొందరైతే ఆ పిల్లవాణ్ణి చూడగానే కుర్చీలోనుండి లేచి ఇంటికి వచ్చేస్తారు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని, పంటి మీద లవంగ నూనె పెట్టుకుని వారం రోజులు గడుపుతారు. ఆ తరువాత చెంప వాచి, నోరు తెరవలేని స్థితిలో మా దగ్గరకు వస్తారు. అందుకే ఆ చిన్న పిల్లవాడు ఎవరు, ఎంత చదివాడు, పక్కన నిలబడిన పెద్ద సారు ఏమి చేస్తున్నారు అనే సంగతులు ఈసారి రాస్తున్నాము.

మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్‌గారు 1920లో కలకత్తాలో ప్రారంభించారు. 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. ఇప్పుడు బి.డి.ఎస్. అంటే నాలుగేళ్ళ చదువు, ఆ పైన ఒక ఏడాది హౌస్ సర్జన్ పని. విద్యార్థులు మొదట మైనంతో పళ్ళు చెక్కడం నేర్చుకుంటారు. తరువాత బొమ్మ తలకు అమర్చిన పళ్ళ మీద డ్రిల్లు పట్టడం నేర్చుకుంటారు. మూడవ, నాలుగవ సంవత్సరాలలోగాని రోగి నోటి దగ్గరకు రానివ్వరు. హౌస్ సర్జన్ ఏడాదిలో నెలన్నర సర్జరీ విభాగంలో, నెలన్నర కట్టుడు పళ్ళ విభాగంలో, మూడు నెలలు గ్రామసేవలో ఉంటారు. పాఠశాలల్లో జరిగే దంత శిబిరాలకు బస్సు దిగి వచ్చే యువకులు చాలావరకు ఈ హౌస్ సర్జన్లే. కనుక మీరు చూసిన పిల్లగాడు కనీసం రెండేళ్ళ పాఠాలు, పరీక్షలు దాటి వచ్చినవాడై ఉంటాడు.

ఆ తరువాత చదవాలంటే మూడేళ్ళ ఎం.డి.ఎస్. ఉంది. అది ఒక్కొక్క శాఖకు ఒక్కొక్కటి. ఒకరు చిగుళ్ళ డాక్టరు అవుతారు, ఒకరు రూట్ కెనాల్, ఇంకొకరు పిల్లల పళ్ళు. అన్నీ కలిపి లోతుగా నేర్పే జనరల్ డెంటిస్ట్రీకి ఎం.డి.ఎస్. శాఖ లేదు. అమెరికాలో అడ్వాన్స్‌డ్ జనరల్ డెంటిస్ట్రీ అనే పేరుతో ఒకటి లేక రెండు సంవత్సరాల శిక్షణ వేరుగా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే 2007 నుండి ఇటువంటి ఒక ఏడాది రెసిడెన్సీ చేస్తేగాని లైసెన్సు ఇవ్వడం లేదు. మన దగ్గర ఈ నేర్పు పెద్ద ఆసుపత్రిలో సీనియర్ల కింద పనిచేస్తూ సంపాదించుకోవలసిందే. మాకు తోచినంతవరకు, మూడు శాఖల డాక్టర్ల కోసం మూడు ఊళ్ళు తిరగలేని మన పల్లెలకు ఎక్కువ అవసరం ఇటువంటి డాక్టరే.

ఇంతకూ ఆ శిక్షణలో నేర్పేది ఏమిటి? పన్ను తీయడం చేతిపని. కొన్ని నెలల అభ్యాసంతో వస్తుంది. నోటి వెనుక ఉన్న మనిషిని చూడడం ఆలస్యంగా వస్తుంది. అరవై ఏళ్ళ పెద్దాయన కింది దవడ నొస్తున్నదని వచ్చాడనుకోండి. కొత్త డాక్టరు కళ్ళు వెంటనే పిప్పి పన్ను కోసం వెతుకుతాయి. సీనియర్ మాత్రం "నడిస్తే నొప్పి ఎక్కువవుతుందా? చెమట పడుతుందా? ఎడమ చేయి గుంజుతుందా?" అని అడిగిస్తారు. గుండె నొప్పి కొందరికి కింది దవడలోనే తెలుస్తుంది. అప్పుడు పన్ను వదిలి ఇ.సి.జి. తీయాలి. ముఖంలో నరం నొప్పిని పంటి నొప్పి అనుకుని వరుసగా రెండు మూడు మంచి పళ్ళు తీయించుకున్నవారు కూడా ఉన్నారు. నొప్పి ఎక్కడికీ పోదు, పళ్ళు మాత్రం పోతాయి.

పన్ను తీయవలసిందే అని తేలిన తరువాత అసలు ప్రశ్నలు మొదలవుతాయి. షుగరు ఎంత ఉంది? ఉదయం మాత్ర వేసుకుని అన్నం తినకుండా వచ్చారా? అలా వస్తే కుర్చీలోనే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పంటికి మత్తు సూది వేసే రోజున షుగరు రోగి మామూలుగా తిని, మామూలుగా మాత్ర వేసుకుని పొద్దుటి వేళ రావడమే మంచిది. ఎకోస్ప్రిన్ వాడేవారు పక్కింటివారు చెప్పారని మాత్రలు మానేసి రాకూడదు. ఒక పన్ను నుండి వచ్చే రక్తాన్ని గాజుగుడ్డతో, కుట్టుతో ఆపవచ్చు. మాత్ర మానడం వల్ల గుండెలోనో మెదడులోనో గడ్డకట్టే రక్తాన్ని ఆపడం అంత సులువు కాదు. కవాటం మార్పిడి జరిగి ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారికి ముందుగా ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయాలి, పన్ను తీయడానికి గంట ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఎముకల బలానికి లేదా క్యాన్సరుకు జోలెడ్రోనిక్ యాసిడ్ సూది తీసుకున్నవారి దవడ ఎముక పన్ను తీసిన చోట మానకపోవచ్చు. గర్భిణీలకు నాలుగు నుండి ఆరు నెలల మధ్య పని చేయడం సౌకర్యం. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. ఎదురుగా అవ్వ మూలుగుతుండగా, బయట వరండాలో ఇరవై మంది కూర్చుని ఉండగా గుర్తుకు రావాలి, అదీ శిక్షణ.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దు కదా! ఒకరు "పన్ను నొస్తున్నది" అంటారు, ఇంకొకరు మరాఠీలో "దాత్ దుఖ్తో" అంటారు, కన్నడంవారు "హల్లు నోవు" అంటారు. దూరం నుండి వచ్చిన కొత్త డాక్టరు ముఖం మా ముఖం వైపు తిరుగుతుంది. ఆ మొదటి నెలలు నర్సులమే పాఠం చెబుతాము. ఏ మాత్రలు వాడుతున్నారంటే "బి.పి. గోలీ" అని ఊరుకుంటారు, రంగు అడగండి, చీటీ అడగండి అని చెబుతాము. పరికరాలు ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో కనీసం 15 నిమిషాలు ఉండాలి. తొందరలో ఎవరైనా పది నిమిషాలకే తీయబోతే, వారు డాక్టరైనా సరే, మేము ఒప్పుకోము.

ఇక పక్కన "ఊకె నిలవడ్డ" పెద్ద సారు సంగతి. ఎక్స్‌రే చూసి, ఏ పన్ను, ఏ వైపు అని చిన్న డాక్టరు చేత చెప్పించి, సరే అన్న తరువాతే సూది పడుతుంది. వేరు విరిగినా, రక్తం ఆగకపోయినా పట్టకారు తన చేతిలోకి తీసుకోవడానికి ఆయన అక్కడ ఉన్నారు. ఆయన కదలకుండా నిలబడ్డారంటే పని సవ్యంగా సాగుతున్నదని అర్థం. సీనియర్ గదిలో లేకపోతే "సారును పిలవండి" అని అడిగే హక్కు మీకు ఉంది. సంతకం పెట్టే కాగితాన్ని మీ భాషలో చదివి వినిపించమని కూడా అడగవచ్చు. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

చిన్న డాక్టరు దగ్గర ఒక లాభం కూడా ఉంది. అతను నిదానంగా చూస్తాడు. నేర్చుకునేవాడు నాలుక కింద, చెంప లోపల, గొంతు దాకా వరుసగా చూడాలి, రాయాలి, సీనియర్‌కు చూపాలి. గుట్కా, తంబాకు నమిలేవారికి ఈ నిదానం ఎంతో అవసరం. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే, కారం తగిలితే చెంప మండితే, పుండు రెండు వారాలకూ మానకపోతే, పన్ను నొప్పి లేకపోయినా వెళ్ళి చూపించుకోండి.

వెళ్ళేటప్పుడు మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని, పాత చీటీలతో తీసుకువెళ్ళండి. అడగకపోయినా చూపండి. పన్ను తీసిన తరువాత గుడ్డను అరగంట గట్టిగా కొరికి పట్టండి. ఆ రోజు ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, బీడీ తాగవద్దు. నొప్పి తగ్గి మళ్ళీ మూడో రోజు పెరిగితే తిరిగి వెళ్ళండి. దవడ కింద గట్టిగా వాచి, నోరు తెరుచుకోక, ఉమ్మి మింగడం కష్టమైతే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ వాపు గొంతుకు దిగితే ఊపిరి ఆడదు. రాత్రి అయినా 108కు ఫోను చేసి దగ్గరి పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి.