ఫిడేలుకు బీట పడితే...

"అమ్మా, తాతయ్య ఫిడేలు గరగరమంటోందే!" అంది మా పాప.

మాది విజయనగరం. 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు. ఆ గాలికే నాన్నకీ ఫిడేలు పిచ్చి పట్టింది. ఆయన పోయాక రెండేళ్లు అది అటక మీదే ఉండిపోయింది. రేకుల కప్పు, కింద వేసవి వేడి. పాప పాఠాలు మొదలుపెడుతుంటే దించాం. చూద్దును కదా, పైచెక్క మీద వెంట్రుకవాసి బీట!

నేనేం చేశానో చెబితే నవ్వుతారు. విరిగిన బొమ్మలకి వాడే, చిటికెలో అంటుకునే జిగురు రెండు చుక్కలు వేసేశాను. వారం తిరక్కుండా మళ్లీ విచ్చుకుంది. వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, "ఎంత పని చేశావమ్మా!" అన్నారు.

అసలు బీట ఎందుకు పడుతుంది?

ఫిడేలు పైచెక్క మందం సుమారు 3 మిల్లీమీటర్లే. దాని మీద నాలుగు తీగల బిగువు. గాలిలో తేమ తగ్గితే చెక్క అడ్డంగా ముడుచుకుపోతుంది. అంచులు జిగురుతో బిగిసి ఉంటాయి కనుక ముడుచుకోవడానికి చోటుండదు. దాంతో చార వెంబడే చీలుతుంది.

అందుకే ఫిడేలుకి జంతువుల తోలు ఉడికించి తీసే పాతకాలపు జిగురే వాడతారు. గోరువెచ్చని నీళ్లు తగిలితే అది వదులుతుంది. అవసరమైతే పైచెక్క ఊడదీసి, లోపల బాగుచేసి మళ్లీ అంటించొచ్చు. నేను పోసిన జిగురు చెక్కలోకి ఇంకి గట్టిపడిపోతుంది. ఆ తర్వాత అసలు జిగురు పట్టదు. కరిగించబోతే పైనున్న వార్నిష్ కూడా పోతుంది.

పెద్దాయన రెండు వారాలు శ్రమపడ్డారు. నా జిగురు కొద్దికొద్దిగా తీసి, బీటలోకి వేడి జిగురు ఎక్కించి, బిగింపులు పెట్టి ఆరనిచ్చారు. మళ్లీ చీలకుండా లోపలివైపు గోరంత చెక్క బిళ్లలు బీటకి అడ్డంగా అతికించారు. పైన రంగు పోయినచోట మాత్రమే సన్నని కుంచెతో పల్చగా పూత మీద పూత వేశారు. ఒక పూత ఆరాకే మరొకటి.

మనం చేయగలిగినవి

* వాయించాక రోజిన్ పొడిని మెత్తని పొడిబట్టతో తుడవండి. పేరుకుంటే వార్నిష్‌కి అతుక్కుపోతుంది.

* స్పిరిట్, సెంటు, బీరువాల పాలిష్ దగ్గరికి రానివ్వకండి. చాలా వార్నిష్‌లు స్పిరిట్‌కి కరుగుతాయి.

* అటక, ఎండ పడే కిటికీ, తలుపులేసిన కారు పనికిరావు. పెట్టెలో పెట్టి చల్లనిచోట ఉంచండి.

* అంచుల వెంబడి వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి. గలగలమంటే అతుకు వదిలినట్టే.

* బీట కనిపిస్తే తీగలు కాస్త వదులు చేయండి. పూర్తిగా విప్పితే బ్రిడ్జి, లోపల నిలబెట్టిన పుల్ల పడిపోతాయి. మీరు జిగురు ముట్టుకోకండి!

తిరిగి తెచ్చుకునే రోజున ఇంకోటి అడిగాను. "బిరడాల పైన మెలి తిరిగిన చుట్ట దగ్గర రంగంతా పోయింది, అది కూడా వేసేయండి బాబాయిగారూ."

ఆయన తలెత్తి చూశారు. "అది దెబ్బ కాదమ్మా, అరుగుదల. మీ నాన్న కింద కూర్చుని పాదం మీద ఆనించుకుని వాయించిన చోటు. వేయమంటే వేస్తాను."

వద్దన్నాను. ఇంటికొచ్చి ఆ అరిగిన చోటు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు అక్కడ మా పాప పాదం ఆనుతోంది.