అకుతాగవ కథలు – మానవ స్వభావం

మనిషి స్వభావం స్థిరమైనదా, పరిస్థితులను బట్టి మారేదా? ఈ ప్రశ్నను చిన్న కథలలో నిశితంగా పరిశీలించిన జపాన్ రచయిత ర్యూనొసుకె అకుతాగవ. ఆయన 1892లో టోక్యోలో జన్మించాడు. విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం అభ్యసించాడు. ‘కొంజకు మొనొగతరి’ అనే ప్రాచీన కథాసంకలనం నుంచి ఇతివృత్తాలను స్వీకరించి, వాటిలో ఆధునిక మానవుని అంతరంగాన్ని ఆవిష్కరించాడు.

1915లో వెలువడిన ‘రషోమన్’ కథ క్యోటో నగరద్వారం వద్ద జరుగుతుంది. ఆ ద్వారం పేరే రషోమన్. భూకంపాలు, అగ్నిప్రమాదాలు, కరవుల వల్ల నగరం శిథిలమై ఉంటుంది. కొలువు పోయిన ఒక సేవకుడు వానకు ఆ ద్వారం కింద నిలిచి, ఆకలితో మరణించడమా, దొంగగా మారడమా అని తర్కించుకుంటాడు. రాత్రి గడపడానికి పై అంతస్తుకు వెళ్లగా, ఒక వృద్ధురాలు అనాథ శవం తల నుంచి వెంట్రుకలు పెరుకుతూ కనిపిస్తుంది. అతనిలో ధర్మాగ్రహం పెల్లుబుకుతుంది. సవరాలు చేయకపోతే తనకు ఆకలిచావు తప్పదని, ఆ మరణించిన స్త్రీ కూడా పాము మాంసాన్ని ఎండుచేపలని నమ్మించి అమ్మి బతికిందని ఆమె సమర్థించుకుంటుంది. ఆమె వాదమే అతనికి సాకుగా దొరుకుతుంది. ఆమె వస్త్రాలు లాక్కొని అతడు చీకటిలో కలిసిపోతాడు. అంతకు ముందు పాపాన్ని అసహ్యించుకున్నవాడే ఇప్పుడు పాపానికి ఒడిగట్టాడు.

1922 నాటి ‘యబు నొ నక’ కథకు ‘పొదలో’ అని అర్థం. భార్యతో ప్రయాణిస్తున్న ఒక సమురాయ్ యోధుడు అడవిలో శవమై కనిపిస్తాడు. ఏడుగురి వాంగ్మూలాలే కథ. హోరాహోరీగా పోరాడి తానే చంపానని బందిపోటు చెబుతాడు. అవమానం భరించలేక తానే పొడిచానని భార్య చెబుతుంది. తాను ఆత్మహత్య చేసుకున్నానని మృతుని ఆత్మ సోదెకత్తె నోట పలుకుతుంది. సాధారణంగా నేరాన్ని ఇతరులపైకి నెట్టడం లోకరీతి. ఇక్కడ ముగ్గురూ తమపైనే వేసుకుంటారు. ప్రాణం కన్న పరువే వారికి మిన్న. జరిగినదాన్ని ప్రతివారూ తమ గౌరవానికి భంగం కలగని రీతిలో మలుచుకుంటారు. రచయిత తీర్పు చెప్పడు. ఆ భారాన్ని పాఠకునికే వదిలివేస్తాడు.

ఈ రెండు కథల ఆధారంగా అకిరా కురొసావా 1950లో ‘రషోమన్’ చలనచిత్రాన్ని రూపొందించాడు. 1951లో వెనిస్ చలనచిత్రోత్సవంలో దానికి స్వర్ణసింహ పురస్కారం లభించింది. అకుతాగవ 1927లో, 35 ఏళ్ల వయస్సులోనే మరణించాడు. ఆయన పేరిట 1935లో నెలకొల్పిన సాహిత్య పురస్కారం జపాన్‌లో నేటికీ ప్రతిష్ఠాత్మకమైనది.

అబద్ధం చెప్పేవాడు మొదట తననే నమ్మించుకుంటాడని ఈ కథలు తెలుపుతాయి. సేవకుణ్ణి నిందించబోయే పాఠకుడు, ఆ వానరాత్రి ఆ ద్వారం కింద తానుంటే ఏమి చేసేవాడో ఆలోచించక తప్పదు.