బావిలో నలభై ఎనిమిది మంది

పిల్లలూ, ముందు ఒక లెక్క చెయ్యండి. నలుగురు మనుషులు ఒక బావిని 12 రోజుల్లో తవ్వారు. అదే బావిని 48 మంది ఎన్ని రోజుల్లో తవ్వుతారు?

"ఒక్క రోజులో!" అని మీలో చాలామంది ఈపాటికే అని ఉంటారు. నేను బడిలో ఈ లెక్క ఇచ్చినప్పుడల్లా పిల్లలు అలాగే అనేవారు. అందరికన్న ముందు చెయ్యెత్తినవాణ్ణి నేను మెచ్చుకునేవాణ్ణి. ఒకసారి వెనక బల్ల మీది అమ్మాయి లేచి, "మాస్టారండీ, 48 మందీ బావిలో ఎక్కడ నిలబడతారండీ?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఆ పిల్లను కూర్చోమన్నాను. తరవాత ఆ ఏడాదంతా ఆ పిల్ల నన్ను మరొక ప్రశ్న అడగలేదు. ఆమె ప్రశ్న ఎంత గట్టిదో నాకు చాలాకాలానికి గాని తెలిసిరాలేదు.

లెక్కలు త్వరగా తేల్చాలన్న కోరిక ఈనాటిది కాదు. జర్మనీ దేశపు తత్వవేత్త లైబ్‌నిజ్ 1673లో లండను వెళ్ళి, తాను తయారుచేస్తున్న లెక్కల యంత్రం నమూనాను అక్కడి పండితులకు చూపించాడు. తత్వవేత్తకు యంత్రంతో ఏం పని అంటారా? తెలివిగలవాళ్ళు గంటల తరబడి కూడికలూ, గుణకారాలూ చేస్తూ బానిసల్లా పొద్దుపుచ్చటం తగదని ఆయన అభిప్రాయం. ఆ చాకిరీ యంత్రం చేస్తే మనిషికి ఆలోచించే తీరిక దొరుకుతుంది కదా! మనుషుల మధ్య వచ్చే వాదాలను కూడా ఒకనాటికి లెక్కల్లాగే తేల్చవచ్చునని ఆయన ఆశపడ్డాడు.

తీరిక మాట అలా ఉంచండి. కొన్ని లెక్కలకు జవాబు ఆలస్యంగా వస్తే, అసలు రానట్టే. రేపటి తుఫాను సంగతి ఎల్లుండి తెలిసి ఏం లాభం?

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రిచర్డ్‌సన్ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఫ్రాన్సులో గాయపడినవారిని మోసే అంబులెన్సు దళంలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు వాతావరణాన్ని లెక్కగట్టాడు. గడిచిపోయిన ఒక రోజును తీసుకుని, ఆరు గంటల్లో వచ్చే మార్పును చేతితో లెక్క వెయ్యటానికి ఆయనకు సుమారు ఆరు వారాలు పట్టింది. వాతావరణంతో సమంగా పరుగెత్తాలంటే ఒక పెద్ద హాలులో 64,000 మంది కూర్చుని లెక్కలు వెయ్యాలని 1922లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు.

ఇంత చేసీ ఆయన జవాబు తప్పింది. ఎందుకని? లెక్కకు ఆధారంగా తీసుకున్న మొదటి అంకెలు ఒకదానితో ఒకటి సరిగా పొసగలేదు. మెరుపులాంటి యంత్రం ఉంటే ఏమయ్యేది? అదే తప్పు జవాబు ఆరు వారాలకు బదులు ఒక్క క్షణంలో వచ్చేది!

అమెరికాలో 1946లో ప్రజలకు చూపిన ఎనియాక్ కంప్యూటరులో సుమారు 18,000 వాల్వులుండేవి. అది సెకనుకు 5,000 కూడికలు చేసేది. 1950లో దానిమీద ఒక రోజు వాతావరణాన్ని లెక్కగడితే, లెక్కకే దాదాపు ఒక రోజు పట్టింది. అమెరికాలోనే 2022లో ఫ్రాంటియర్ అనే కంప్యూటరు సెకనుకు ఒకటి పక్కన 18 సున్నలు పెడితే వచ్చేటన్ని లెక్కలను దాటింది. నిద్రాహారాలు లేకుండా సెకనుకొక లెక్క చేసే మనిషికి ఆ ఒక్క సెకను పని పూర్తి చెయ్యటానికి సుమారు 3,170 కోట్ల సంవత్సరాలు కావాలి. విశ్వం వయస్సే సుమారు 1,380 కోట్లు!

ఇంకా వేగం ఎందుకంటారా? వాతావరణాన్ని లెక్కగట్టేవారు ఆకాశాన్ని గళ్ళుగళ్ళుగా విడగొడతారు. గడి పొడుగూ, వెడల్పూ, ఎత్తూ సగం చేస్తే గళ్ళు ఎనిమిది రెట్లవుతాయి. కాలాన్ని కూడా సగం చెయ్యాలి కనక పని పదహారు రెట్లవుతుంది. అంత చిన్న గళ్ళు కావాలని ఎందుకు కోరుకుంటారో మన కోస్తావారికి వేరే చెప్పాలా? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేలమంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదికి వచ్చేసరికి లక్షకు పైగా జనాన్ని ముందే సురక్షితమైన చోట్లకు చేర్చారు. ఉపగ్రహాలూ, రాడార్లూ, కంప్యూటర్లూ జాడ చెప్పాయి. ఇంటింటికీ వెళ్ళి, కదలనన్న ముసలివారిని నచ్చచెప్పి తీసుకుపోయినవారు మాత్రం మనుషులే.

ఇక మన బావి దగ్గిరికి వద్దాం. ఫ్రాంటియర్‌లో 37 వేలకు పైగా గ్రాఫిక్స్ ప్రాసెసర్లు పని పంచుకుంటాయి. అయితే అన్ని పనులూ పంచుకునేందుకు వీలుపడవు. 1967లో ఆమ్‌డాల్ అనే ఇంజనీరు ఈ విషయం ఎత్తిచూపాడు. ఒక పనిలో పదోవంతు ఎవరితోనూ పంచుకోరానిదైతే, ఎన్ని వేల ప్రాసెసర్లను పెట్టినా ఆ పని పది రెట్లకు మించి త్వరగా కాదు. బావిలో చోటు లేకపోతే పైన నిలబడ్డవాడు ఏం తవ్వుతాడు? మా వెనక బల్ల అమ్మాయి అడిగినది అదే!

కంప్యూటరు జవాబును త్వరగా తెస్తుంది. మొదటి అంకెలు సరైనవా, లెక్క లోకంలో జరిగేదేనా, ఆ జవాబుతో ఎవరికి మేలు అని అడగటానికి మనిషి ఒక్క క్షణం ఆగాలి. లైబ్‌నిజ్ కోరిన తీరిక ఇందుకే.

పెద్దలకు ఒక మనవి. సాయంత్రం మీ పిల్లవాడు లెక్కల పుస్తకం ముందు కదలకుండా కూర్చుంటే, "ఇంకా కాలేదా?" అని గదమకండి. ఏం ఆలోచిస్తున్నాడో అడగండి. ఆనాడు నేను ఆ పని చెయ్యలేదు.

పిల్లలూ, ఈసారి లెక్క చెయ్యగానే చెయ్యెత్తకండి. ఒకసారి బావిలోకి తొంగిచూసి, అప్పుడు ఎత్తండి.